థెరపిస్టు మొహమాటం

మొన్న చిత్తూరులో ఒక పెళ్లి. బంతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి క్లినికల్ సైకాలజిస్టు, మాకు దూరపు చుట్టం. సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చి నయం చేసే మాటల చికిత్స, చేస్తుందని తెలిసి ఉండబట్టలేక అడిగాను. ఒకరి చేత ఆలోచనలు కాగితం మీద రాయిస్తారు, ఇంకొకరిని భయపడే చోటికే పంపిస్తారు, వేరొకరికి ముందు నిద్ర సంగతి చూద్దామంటారు. ఎవరికి ఏది అన్నది ఎట్లా తేల్చుకుంటావమ్మా అని. రసంలో అన్నం కలుపుకుంటూనే చెప్పింది. "అనుభవమే అక్కా. మనిషి వచ్చి కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే తెలిసిపోతుంది. ప్రతి పేషెంటూ వేరే కదా. పుస్తకంలో ఉన్నట్టు అందరికీ ఒకటే చేస్తే కుదరదు."

ఎదురు వరసలో ఉన్న మా మామయ్య "అదీ మాటంటే" అన్నాడు. నిజమే, వినడానికి అంత బాగుంటుంది ఆ మాట. రోగిలో మనిషిని చూసే డాక్టరు మాటలా ఉంటుంది. నేను డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పుకునేదాన్ని, సైకాలజీ నా సబ్జెక్టు కాదు. మా చిన్నమ్మ కొడుక్కి జబ్బు చేసి, వాడి వెంట తిరుపతిలో క్లినిక్కులు తిరగడం మొదలెట్టాక రాత్రిళ్లు కూర్చుని చదువుకున్నదే నాకున్న పరిజ్ఞానం. ఆ చదివిందీ చూసిందీ కలిసి నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. థెరపీలో నిర్ణయాలు చెడిపోయేది చాలామటుకు థెరపిస్టుకు తెలివి చాలక కాదు, దయ లేక అసలే కాదు. మొహమాటం వల్ల. రోగిని ఇబ్బంది పెట్టలేని మొహమాటం, తన పద్ధతి పనిచేయడం లేదని ఒప్పుకోలేని మొహమాటం.

కాలు విరిగిన మనిషి

1954లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ మీల్ అనే సైకాలజిస్టు ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక మనిషి గురించి ఉన్న సమాచారమంతా ఒక నిపుణుడికీ, ఒక మామూలు లెక్కల సూత్రానికీ ఇస్తే ఎవరి అంచనా నిజమవుతుంది అన్నది ప్రశ్న. అప్పటికి దొరికిన అధ్యయనాల్లో సూత్రం నిపుణుడితో సమానంగానో, అంతకంటే మెరుగ్గానో వచ్చింది. 2000లో 136 అధ్యయనాలు కలిపి చూశారు. నిపుణులు స్పష్టంగా గెలిచినవి 8 మాత్రమే. స్టాటిస్టిక్స్ చెప్పే నాకు ఇది సంబరంగా ఉండాలి. ఉండలేదు, ఎందుకంటే అప్పటికే మా తమ్ముడు ఒక నిపుణుడి దగ్గరికి నెలల తరబడి తిరుగుతున్నాడు.

సీబీటీకి ఇంకా దగ్గరి ఉదాహరణ జర్మనీలో జరిగింది. 1992లో షుల్టే బృందం 120 మంది ఫోబియా ఉన్నవాళ్లను తీసుకుంది. ఒక గుంపుకు అందరికీ ఒకటే పద్ధతి, ముఖ్యంగా భయపడే చోటికి తీసుకెళ్లి అక్కడ ఉంచడం. ఇంకో గుంపుకు థెరపిస్టే ఆ మనిషిని బట్టి ఆలోచించి తయారుచేసిన చికిత్స. ఎక్కువ బాగుపడింది మొదటి గుంపు. థెరపిస్టులు తెలివితక్కువగా ఆలోచించారని నేననుకోను. స్వేచ్ఛ ఇస్తే మనుషులం కష్టమైన పనిని కాస్త అటు జరిపి సులువైనది ముందు పెట్టుకుంటాం. థెరపిస్టులూ మనుషులే.

నన్ను బాగా కుదిపింది మాత్రం 2005 నాటి అమెరికా అధ్యయనం. 550 మంది క్లయింట్లలో ఎవరి పరిస్థితి చివరికి దిగజారుతుందో చెప్పమని వాళ్ల థెరపిస్టులనే అడిగారు. సాధారణంగా నూటికి ఎనిమిది మంది దాకా దిగజారతారన్న సంగతి వాళ్లకు తెలుసు. అయినా వాళ్లు వేలెత్తి చూపింది ముగ్గురినే. నిజంగా దిగజారింది 40 మంది. ఆ ముగ్గురిలో సరిగ్గా చెప్పింది ఒకరి గురించే. దీని పక్కన 2012లో వచ్చిన ఇంకో సర్వే పెట్టి చూడండి. 129 మంది మానసిక ఆరోగ్య నిపుణులను మీ నైపుణ్యం తోటివాళ్లతో పోలిస్తే ఎక్కడుంటుంది అని అడిగితే, సగటు కంటే తక్కువ అని ఒక్కరూ చెప్పుకోలేదు. నాలుగో వంతు మంది తాము మొదటి పది శాతంలో ఉంటామన్నారు. ఈ లెక్క క్లాసులో బోర్డు మీద వేస్తే పిల్లలు నవ్వుతారు. లెక్చరర్లను అడిగినా ఇదే వస్తుందని వాళ్లకు చెబితే ఇంకా నవ్వుతారు.

ఇక్కడ మీల్ తరఫున ఒక మాట చెప్పాలి. సూత్రాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. ఒకాయన వారం వారం సినిమాకు వెళ్తాడు. ఈ వారమూ వెళ్తాడని సూత్రం అంటుంది. కానీ ఆయన కాలు విరిగిందని నీకు తెలుసు. అప్పుడు సూత్రాన్ని అవతల పెట్టాల్సిందే, అందులో వాదనే లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఎదురుగా మనిషి కూర్చుని కళ్లలో నీళ్లు పెట్టుకుంటే థెరపిస్టుకు ప్రతి మనిషి కాలూ విరిగినట్టే కనిపిస్తుంది. "ఈ అమ్మాయికి ఇంట్లో గొడవలున్నాయి, ఇప్పుడు కాదు." "ఈయనకు కొత్త ఉద్యోగం, ఇప్పుడు కాదు." ప్రతి మినహాయింపూ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తేనే చికిత్స ఎక్కడా జరగలేదని తెలుస్తుంది.

ఊపిరి పీల్చు, వదులు

మా తమ్ముడి సంగతి చెబుతాను. వాడు తిరుపతిలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. చుట్టాల్ని దర్శనానికి తీసుకెళ్తూ ఘాట్ రోడ్డు బస్సులో మలుపు దగ్గర ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, ఇంక చచ్చిపోతున్నాననుకున్నాడు. ఈసీజీ, ఎకో, టీఎంటీ, థైరాయిడ్ అన్నీ చేయించాం. అన్నీ నార్మల్. పానిక్ అన్నారు. ఆ తర్వాత వాడు కొండెక్కడం మానేశాడు. తర్వాత ఏ బస్సూ వద్దన్నాడు. తర్వాత లిఫ్టు. తర్వాత సినిమా హాలు. చివరికి షాపులో జనం ఎక్కువైతే బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేవాడు.

ఊళ్లో ఒక థెరపిస్టు దగ్గర చేరాడు. చాలా మంచాయన, ఫీజు కూడా తగ్గించాడు. వెళ్లిన ప్రతిసారీ ఊపిరి ఎట్లా నెమ్మదిగా పీల్చి వదలాలో నేర్పేవాడు, ఆలోచనల పట్టిక రాయించేవాడు. తమ్ముడు అక్కడి నుంచి వచ్చేటప్పుడు ముఖం తేటగా ఉండేది. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. మరి బస్సు ఎప్పుడెక్కిస్తారని నేనడిగితే "ఇంకా సిద్ధంగా లేడమ్మా, తొందరపెడితే భయం ఎక్కువవుతుంది" అనేవాడు. అది ఎన్నిసార్లు విన్నానో. దేన్ని బట్టి సిద్ధంగా లేడంటున్నారని అడిగితే "చూస్తే తెలుస్తోంది కదా" అన్నాడు. చూస్తే తెలుస్తూనే ఉంది, పానిక్ ఉన్న మనిషిని బస్సు గురించి అడిగితే భయపడతాడు. భయం తగ్గాకే బస్సెక్కిద్దామంటే ఆ రోజు ఎక్కడి నుంచి వస్తుంది?

1986లోనే డేవిడ్ క్లార్క్ పానిక్ ఎట్లా పనిచేస్తుందో వివరించాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే దాన్ని మనిషి గుండెపోటనో, పిచ్చెక్కుతోందనో అర్థం చేసుకుంటాడు. ఆ భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అట్లా చక్రం తిరుగుతూ ఉంటుంది. దాన్ని తెంచాలంటే గుండె కొట్టుకున్నా ఏమీ కాదని మనిషికి స్వయంగా తెలియాలి. ఊపిరిని అదుపులో పెట్టి దడ రాకుండా చూసుకుంటూ పోతే అది తెలిసే అవకాశమే రాదు. "ఊపిరి పీల్చబట్టి బతికాను" అనుకుంటాడు. పానిక్ సీబీటీలోంచి ఊపిరి పాఠాన్ని విడిగా తీసి పరీక్షించిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. అది కలిపినందువల్ల అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు.

మరి ఆ థెరపిస్టుకు ఇవన్నీ తెలియవా? తెలిసే ఉంటాయి. ఇంగ్లండులో గ్లెన్ వాలర్ 2009లో దీని గురించే రాశాడు. థెరపిస్టులు పద్ధతి తెలిసి కూడా మెల్లగా దాని నుంచి పక్కకు జరిగిపోతుంటారని. అది చదివినప్పుడు నాకు గది మొత్తం కళ్లకు కట్టింది. బస్సు మాటెత్తితే రోగి ముఖం వాడిపోతుంది. ఆ ముఖం చూసి థెరపిస్టుకు కష్టంగా ఉంటుంది. మాట మార్చి ఊపిరి పాఠం ఎత్తుకుంటే ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంటుంది. తప్పించుకుంటే దొరికే ఆ హాయే రోగి భయాన్ని పెంచి పోషిస్తుందని సీబీటీ చెబుతుంది కదా. బల్లకు అవతలి వైపు జరుగుతున్నదీ అదే. తేడా ఏమిటంటే అటు వైపు దానికి జబ్బు అని పేరు లేదు, ఫీజు ఉంది.

జేబులో మాత్ర, మెడలో డాలరు

తర్వాత వాణ్ని చూసిన థెరపిస్టు వయసులో చిన్నావిడ. మొదటిరోజే చిన్నమ్మను కూడా గదిలో కూర్చోబెట్టి, ఏం చేయబోతున్నదీ ఎందుకు చేయబోతున్నదీ చెప్పింది. గుండె పరీక్షల కాగితాలు అన్నీ తిరగేసి, అనుమానమున్న చోట డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుంది. ఆ రోజే క్లినిక్ మెట్ల మీద వాణ్ని పైకీ కిందికీ పరిగెత్తించింది. దానికి ముందు ఒక కాగితం ఇచ్చి "ఏమవుతుందనుకుంటున్నావో రాయి, నూటికి ఎంత నమ్మకమో పక్కన వెయ్యి" అంది. "కళ్లు తిరిగి పడిపోతా, 80" అని రాశాడు. పడలేదు. ఆయాసపడుతూ వచ్చి ఆ 80 వైపు చూసుకుంటుంటే, "భయం తగ్గిందా అని నేనడగను, నువ్వు రాసింది జరిగిందా అనే అడుగుతా" అంది. ఈ తేడా చిన్నదేం కాదు. 2014లో మిషెల్ క్రాస్క్ బృందం రాసింది కూడా దీని మీదే. ఎక్స్‌పోజర్‌లో, అంటే భయపడేదానికి ఎదురెళ్లే చికిత్సలో, పనిచేసేది భయం చల్లారడం కంటే, మనిషి ఊహించింది తలకిందులు కావడం అని.

అక్కడి నుంచి అలిపిరి దాకా వచ్చారు. గుండె దడ కావాలంటే అలిపిరి మెట్ల కంటే మంచి చోటు తిరుపతిలో ఏముంది? 3,550 మెట్లు, ఎక్కేవాళ్లందరికీ ఆయాసమే, ఎవరూ ఎవర్నీ వింతగా చూడరు. వాడు చొక్కా జేబులో ఒక మాత్ర, చేతిలో నీళ్ల సీసా, మెడలో స్వామి డాలరు వేసుకుని బయల్దేరాడు. ఆవిడ మూడింటినీ చూసింది. మాత్ర గురించి అడిగింది. "ఇది లేకుండా ఎక్కితే ఏమవుతుంది?" "చచ్చిపోతానేమో మేడమ్." నీళ్ల సీసా గురించి అడిగింది. "గొంతు ఎండిపోయి ఊపిరాడదు." డాలరు గురించి కూడా అదే ప్రశ్న. వాడు కాసేపు ఆలోచించి, "ఏం కాదు మేడమ్, కొండకు పోయేటప్పుడు వేసుకుంటాం కదా, అంతే" అన్నాడు. మాత్రా సీసా చిన్నమ్మ చేతికొచ్చాయి. డాలరు మెడలోనే ఉంది. దారిలో దాహమేస్తే అందరిలాగే కొనుక్కుని తాగమంది.

నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది ఇక్కడే. దేవుడి వస్తువు కదా అని మొహమాటపడి వదిలేయలేదు, ధైర్యం కోసం దగ్గరుంచుకునేవన్నీ తీయించాలని పుస్తకంలో ఉంది కదా అని డాలరు తీయించనూ లేదు. మూడింటికీ ఒకే ప్రశ్న వేసి, జవాబును బట్టి తేల్చింది. ఆ ప్రశ్న ఎవరైనా వేయవచ్చు, జవాబు ఎవరైనా సరిచూడవచ్చు. నిర్ణయం ఆవిడ కడుపులో దాగి లేదు.

మెట్లదారి అనగానే చిన్నమ్మ "అక్కడ చిరుతలు తిరుగుతాండాయి, మొన్న 2023లో పసిబిడ్డను ఎత్తకపోలేదా" అంది. ఆవిడ దాన్ని కొట్టిపారేయలేదు. అది పానిక్ కాదు, నిజమైన భయం. పొద్దున పూట, జనం గుంపులుగా నడిచే వేళకు మార్చింది. మీల్ చెప్పిన విరిగిన కాలు అంటే ఇదీ. వేళ మారింది, నడక మారలేదు.

"ఒకటి వెయ్యమ్మా"

ఇంతవరకూ చదివి, అయితే కొలతలూ కాగితాలూ పెట్టుకుంటే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. నాకూ ఆ అనుమానం ఉంది, అది తీరనిది కూడా.

క్లినిక్‌లో ఒకరోజు నా పక్కన చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. కళ్లద్దాలు మర్చిపోయి వచ్చింది, చేతిలో పీహెచ్‌క్యూ-9 ఫారం. డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. 2001 నుంచి వాడుకలో ఉంది, ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతుంది. నన్ను చదివి పెట్టమంది. నిద్ర ప్రశ్న దగ్గర "ఎక్కడమ్మా, రాత్రంతా కళ్లు తెరుచుకునే ఉంటా" అంది. దాదాపు ప్రతిరోజూ అంటే మూడు కదా అని నేను మూడు దగ్గర పెన్ను పెట్టాను. చెయ్యి పట్టుకుంది. "వద్దు, ఒకటి వెయ్యమ్మా. మూడు వేస్తే ఇంత చేసినా తగ్గలేదా అని ఆ బిడ్డ బాధపడతాది."

ఇప్పుడు చెప్పండి. ఆ ఒకటి చూసి థెరపిస్టు "బాగుపడుతోంది" అని రాసుకుంటుంది, వైద్యం అట్లాగే సాగుతుంది. మొహమాటం బల్లకు రెండు వైపులా ఉంది. అంకె ఉందంటే నిజం ఉన్నట్టేనని నమ్మే నాలాంటి లెక్కల మనిషికి ఆ పెన్ను ఆగిన చోటు బాగా గుర్తుంటుంది.

అయినా కొలతల్ని వదిలేయాలని నాకు అనిపించలేదు. ముఖం చూసి మందు మార్చే షుగరు డాక్టరు దగ్గరికి మనం వెళ్లం. టెస్టు ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి రిపోర్టు బాగా తెచ్చుకునే పేషెంట్లూ ఉంటారని తెలిసి కూడా టెస్టు మానం. ఏం చేయవచ్చంటే, ఫారం థెరపిస్టు ఎదురుగా కాకుండా రిసెప్షన్‌లో వేరేవాళ్లు నింపించవచ్చు. "ఎక్కువ అంకె వస్తే నాకే ఉపయోగం, ఏం మార్చాలో తెలుస్తుంది" అని మొదటిరోజే చెప్పవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, మనసు ఎట్లా ఉందని కాకుండా ఏం చేశారని అడగవచ్చు. ఈ వారం ఎన్నిసార్లు గుడికి వెళ్లారు, ఎన్ని పూటలు వండారు, మనవరాలితో ఫోన్లో మాట్లాడారా. వీటికి అబద్ధం చెప్పడం కష్టం, ఇంట్లోవాళ్లు పక్కనే ఉంటారు.

ఆ పెద్దావిడ ఆలోచనల పట్టిక రాయలేదు, రాయమనడం కూడా అన్యాయం. అట్లాంటివాళ్లకు సీబీటీ కుదరదని కొందరు ఊరుకుంటారు. 1996లో నీల్ జాకబ్సన్ బృందం సీబీటీని విడదీసి చూసింది. ఆలోచనల జోలికి పోకుండా, మానేసిన పనుల్ని ఒక్కొక్కటిగా మళ్లీ మొదలెట్టించే భాగం ఒక్కటే ఇచ్చినా, మొత్తం ఇచ్చినంత ఫలితం డిప్రెషన్‌లో వచ్చింది. మన దేశంలోనే గోవాలో, మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో ఇదే తరహా చికిత్స చేయించారు. అది పనిచేసిందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. చదువురాని మనిషికి థెరపిస్టు ఈ దారి ఎంచుకుంటే అది సర్దుబాటు ఏమీ కాదు.

మడి ఎక్కడ ఆగుతుంది

ఇంకో వైపు నుంచి కూడా నా వాదన మీద నాకే సందేహం వస్తుంది. మా వీధిలో ఒకావిడకు ఓసీడీ, అంటే అనుమానం వదలక ఒకే పని పదేపదే చేయించే జబ్బు. వాకిట్లోకి వెళ్లొస్తే స్నానం, పాలవాడి చెయ్యి తగిలిందేమోనని గిన్నె మళ్లీ మళ్లీ తోమడం, చేతులు పగిలి నెత్తురు. ఇంట్లోవాళ్లు చాలాకాలం "మా అత్తగారికి మడి ఎక్కువ" అని గొప్పగానే చెప్పుకున్నారు. ఓసీడీకి ఉన్న గట్టి వైద్యం 1966లో విక్టర్ మేయర్ మొదలుపెట్టిన దారిలోదే. మురికి అనుకున్నది ముట్టుకోవాలి, కడుక్కోకుండా ఉండాలి. ఇది ఉన్నదున్నట్టు అమలు చేసే థెరపిస్టు ఆవిణ్ని చెప్పులు ముట్టుకుని పూజగదిలోకి వెళ్లమంటే? ఆవిడ మర్నాటి నుంచి రాదు. రాకపోవడమే న్యాయం.

ఇక్కడ సూత్రం చాలదు. ఈ ఊరూ ఈ ఇళ్లూ తెలిసిన మనిషే కావాలి. మడికి ఒక ముగింపు ఉంటుంది. స్నానం చేసి, విడిగా ఆరేసిన చీర కట్టుకుని, వండి, నైవేద్యం పెడితే అయిపోయింది. ఆవిడది అయిపోదు. అదే ఇంట్లో ఆవిడ తోడికోడలూ మడి కడుతుంది, అరగంటలో ముగించుకుని టీవీ ముందు కూర్చుంటుంది. కాబట్టి గమ్యం తోడికోడలి మడి. అంతకంటే తక్కువ వద్దు. దీన్ని ఏ ఫారమూ చెప్పదు. ఇంట్లో "శుభ్రంగానే ఉందా?" అని ఆవిడ అడిగిన ప్రతిసారీ "ఉందత్తయ్యా" అని కోడలు ఇస్తున్న జవాబే జబ్బుకు మేత అన్న సంగతీ చెప్పదు. చిత్తూరువాళ్లకు వెల్లూరు దగ్గర. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వాళ్ల బాగాయం మానసిక ఆసుపత్రిలో రోగితో పాటు ఇంట్లోవాళ్లూ ఉండాలి. వెళ్లొచ్చినవాళ్లు ఆ నియమం మీద సణుగుతారు గానీ, ఎవరు ఎవరికి ఏ జవాబిస్తున్నారో చూడాలంటే అంతకంటే మంచి ఏర్పాటు నాకు కనిపించడం లేదు.

అంటే పెళ్లిలో ఆ అమ్మాయి చెప్పిందే నిజమైందా? సగం. ఏం చేయాలన్నది తేల్చడానికి మనిషి తెలియాలి, ఊరు తెలియాలి, దానికి అనుభవం కావాలి. చేస్తున్నది పనిచేస్తోందా, ఎప్పుడు మార్చాలి అన్నది మాత్రం అనుభవానికి వదలకూడదు. 550 మందిలో ముగ్గురిని చూపించింది ఆ రెండో రకం అనుభవమే.

గడువు

నేనడిగేది పెద్దదేం కాదు. రోగి చేత "ఏమవుతుందనుకుంటున్నావో రాయి" అని రాయించే థెరపిస్టు, తన నిర్ణయం గురించి కూడా అట్లాగే రాయాలి. ఈ పద్ధతి మొదలెడుతున్నాను, ఇన్ని వారాల్లో ఇది మారుతుందని అనుకుంటున్నాను, మారకపోతే ఇది చేస్తాను అని. మనసు మెత్తబడకముందే రాయాలి, రోగికి చూపించి రాయాలి. సీబీటీకి పునాది వేసిన ఏరన్ బెక్ మొదటినుంచీ చెప్పింది థెరపిస్టూ రోగీ కలిసి పరీక్షించి చూడమనే. రోగి నమ్మకాలనే పరీక్షించమని, థెరపిస్టు నమ్మకాల్ని వదిలేయమని ఆయన చెప్పలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, చేయబోయే వైద్యం ఏమిటో తెలుసుకోవడం రోగి హక్కు కూడా.

కొన్ని చోట్ల గడువు కూడా ఉండకూడదు. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాక ఏ అంకె ఉన్నా ఆ రోజు వేసుకున్న పాఠమంతా పక్కన పెట్టి అప్పటికప్పుడే నేరుగా అడగాలి, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. ఇంటికి వెళ్లాక అర్ధరాత్రి ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు చేతిలో పెట్టాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని వెనకాడటం కూడా మొహమాటమే, అందులోకెల్లా ప్రమాదకరమైనది.

పెద్దాసుపత్రి ఓపీలో ఇదంతా ఎక్కడ కుదురుతుందని ఒక మిత్రుడు అడిగాడు. పొద్దున తొమ్మిదింటికే వరండా నిండిపోతుంది, మనిషికి దొరికేది కొద్ది నిమిషాలు. ఒప్పుకుంటాను, అక్కడ అలిపిరి దాకా ఎవరూ తీసుకెళ్లలేరు. కానీ ఓపీ చీటీ వెనక ఒక్క లైను రాయడానికి నిమిషం చాలు. పైగా అక్కడ ఈ వారం చూసిన డాక్టరు వచ్చే వారం ఉండడు, కాబట్టి ఆ లైను అవసరం అక్కడే ఎక్కువ.

గట్టి అభ్యంతరం ఇంట్లోంచే వచ్చింది. రెండో థెరపిస్టు మొదటిరోజు తమ్ముడి కాగితం మీద ఆరో వారానికి బస్సు సంగతీ, సరిగా పట్టని వాడి నిద్ర సంగతీ ఎక్కడికి రావాలో రాసి, రాకపోతే సైకియాట్రిస్టుతో కలిసి మాట్లాడదామని రాసింది. చిన్నమ్మకు అది అపశకునంలా తోచింది. "తగ్గిపోద్ది అని ధైర్యం చెప్పాల్సిన డాక్టరే తగ్గకపోతే అంటే బిడ్డ ఏమైపోవాల?" అంది. చిన్నమ్మ మాటలో పస ఉంది. నమ్మకం కూడా మందులో భాగమే, ముఖ్యంగా మన దగ్గర. ఆవిడ మాత్రం రాసింది కొట్టెయ్యలేదు. "తగ్గుతుందనే రాశానమ్మా, ఎప్పటికో కూడా రాశాను. రాయకపోతే ఎప్పటికీ అడగరు మీరు నన్ను" అంది.

ఆరో వారానికి వాడు ఘాట్ రోడ్డు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పైకి వెళ్లొచ్చాడు. నిద్ర మాత్రం రాసినంత దగ్గరికి రాలేదు. కాగితం ముందు పెట్టుకుని ఆవిడ తమ్ముణ్నీ చిన్నమ్మనూ సైకియాట్రిస్టు దగ్గరికి పంపింది. నిద్రకు వేరే పద్ధతి మొదలైంది, ఆలోచనల పట్టిక ఆగిపోయింది. లిఫ్టు సంగతి ఇంకా తేలలేదు. షాపు పైఅంతస్తులోకి మారింది కాబట్టి వాడికి అది రోజూ ఎదురయ్యేదే, ఇప్పటికైతే మెట్లెక్కి పోతున్నాడు. దానికి ఆవిడ రాసిన గడువు వచ్చే నెలాఖరు.